మందు ఆపమన్న డాక్టరమ్మ

ధర్మవరంలో మా పండ్ల డాక్టరమ్మ పోయింది. మొన్న పొద్దున నేను మగ్గం గుంతలో ఉండగానే పక్కింటి వదిన వచ్చి చెప్పింది. "గుండెనొప్పంట. ఆసుపత్రికి తీసకపోయేలోపలే అయిపోయిందంట." నా చెయ్యి దానంతటదే దవడ కిందికి పోయింది.

అక్కడ నాకొక గడ్డ లేచేది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు మింగితే అణిగేది, ఆపితే మళ్ళీ లేచేది. చివరికి చర్మం పగిలి చీము కారింది. అనంతపురంలో ఒక పెద్ద డాక్టరు చూసి క్యాన్సరేమో, దవడ ఎముక తీసేయాలేమో అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఎవరో చెబితే డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ముందు నా పని గురించి అడిగింది. "పట్టుపోగులు పండ్లతో కొరుకుతావా?"

కొరుకుతానన్నాను.

"కత్తెర కొనిచ్చేదా నీకు?" అని కసిరింది. ఎక్స్‌రేలో గడ్డకు పైనున్న పంటి వేరు చుట్టూ నల్లటి నీడ ఉంది. చీము అంటిన గాజుగుడ్డను కిటికీ దగ్గర ఎండకు పట్టి చాలాసేపు చూసింది. అందులో పసుపురంగు రవ్వలు కనిపించాయి.

"ఇది అరుదుగా వచ్చే క్రిమి మాదిరుండాది. నా అనుమానం తప్పయినా కావచ్చు. మాత్రలు ఆపెయ్."

"ఆపితే పెరుగుతాది కదమ్మా?"

"పెరగనీ. మందు తింటాంటే అది పరీక్షలో దొరకదు. దినామూ నా కాడికి రా. మింగేదానికి కష్టమైతే ఏ పొద్దయినా సరే, మా ఇంటి తలుపు తట్టు."

మాత్రలు ఆపేశాను. గడ్డ గట్టిపడి మెడ మీదికి దిగింది. మా ఆయన ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆమె మాత్రం రోజూ రెండు వేళ్ళతో దవడ కింద తడిమి, నీళ్ళు తాగించి, గొంతు కదలడం చూసి పంపేది. ధైర్యంగా ఉండమని ఒక్కసారీ అనలేదు. "నాకూ భయంగానే ఉండాది," అందొకరోజు. ఎందుకో ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత పంటి వేరు దగ్గర గీకి తీసిన కండను బెంగళూరు ల్యాబుకు పంపింది. ఆమె అనుమానించిన క్రిమే దొరికింది. పన్ను పోయింది, నెలల తరబడి మందు తిన్నాను, దవడ మిగిలింది. ఈ రోజు నేను మురుకులు నములుతున్నానంటే ఆమె చలవే.

నిన్న వాళ్ళింటికి పోయి వస్తూ ఆమె క్లినిక్ ముందు ఆగాను. షట్టరు వేసి ఉంది. మెట్టు మీద ఒకామె కొంగుతో చెంప కప్పుకుని కూర్చుంది. శింగనమల నుంచి వచ్చిందట. డాక్టరమ్మ ఇక లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె కొంగు తీసి దవడ కింద వాపు చూపించింది.

"ఈ మాత్రలు తింటే తగ్గుతాదక్కా, నిలిపితే మళ్ళా వస్తాది. తినేదా, నిలిపేదా?"

ఆపమందామని నోరు తెరిచాను. ఆపితే రోజూ తడిమి చూసే చెయ్యి ఏదీ? మాత్రల అట్ట చేతిలో పట్టుకుని, నా ముఖంలోకే చూస్తూ, ఆమె జవాబు కోసం అట్లాగే కూర్చుని ఉంది.