గుంట పూడ్చిన గదిలో క్రాస్ ట్రైనర్

మా వాడలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు తాయెత్తు కట్టించుకొస్తారు. నేను మాత్రం ఆసుపత్రికే పోతాను. దయ్యం అన్న మాట వింటే నాకు నవ్వొచ్చేది. అయితే ఇది నా భార్య సుజాత గురించి రాస్తున్నది. ఆమెకు మతి చలించిందని చుట్టాల్లో ఒక మాట పాకింది. ఆ మాట బయలుదేరింది నా నోటి నుంచే. అది నిజం కాదు.

మాది సిరిసిల్ల. సుజాతకు మోకాళ్ల నొప్పులు. ట్రెడ్‌మిల్ మీద నడిస్తే మోకాళ్లు అదురుతాయని, నిలబడి తొక్కే క్రాస్ ట్రైనర్ అయితే పాదం పెడల్ మీది నుంచి లేవదు కనుక నయమని డాక్టర్ చెప్పాడు. జగిత్యాలలో ఒక దుకాణానికి పోయాం. సుజాత ఒక్కొక్కటీ ఎక్కి తొక్కి చూసింది. చిన్నవాటి మీద అడుగు పొట్టిగా పడుతోందని వద్దంది. చక్రం బరువుగా ఉండి, అడుగు బాగా సాగేది తీసుకున్నాం. దానికి కరెంటు అక్కర్లేదు. అంకెలు చూపే చిన్న తెరకు సెల్లులు వేస్తే చాలు.

అంత పొడుగు మిషన్ వెనక గదిలోనే పట్టింది. మా నాయన నేలలో గుంట తీసి, అందులో కాళ్లు పెట్టి తొక్కే గుంట మగ్గం నేసిన గది అది. ఆయన పోయాక గుంట పూడ్పించి బండలు పరిపించాను. నేల సమంగా ఉందని మిషన్‌ను సరిగ్గా ఆ చోటనే పెట్టించాను.

"ఉత్త ఉయ్యాల ఊపద్దు, ఉత్త మగ్గం తొక్కద్దు అంటుండె మామ," అంది సుజాత. "గిది గూడ ఉత్తదే గదా. ఎంత తొక్కినా జానెడు బట్ట రాదు."

"నీ ఒళ్లు తగ్గుతది. గంత సాలదా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కొన్నాళ్లు బాగానే తొక్కింది. నొప్పి కూడా తగ్గింది. ఆ తర్వాత ఆ గదిలోకి పోవడమే మానేసింది. ఎవరూ ఎక్కకుండానే పెడళ్లు ఆడుతున్నాయంది.

మా ఇంటి వెనక పవర్‌లూమ్ షెడ్డు ఉంది. పొద్దంతా గోడలు అదురుతుంటాయి. ఆ అదురుకే కదులుతోందని చెప్పి చక్రం బిగింపు పెంచాను. అయినా ఆమె మాట మారలేదు. చుట్టాలు అడిగితే "దానికేదో అయింది" అనడం మొదలుపెట్టాను. మతి చెదిరినవాళ్లను తీసుకుపోయే కొండగట్టు అంజన్న గుడిలో కొన్నాళ్లు ఉంచమన్నారు. తాయెత్తును చూసి నవ్వే నేను దానికి సరేనన్నాను.

తీసుకుపోవడానికి కోరుట్ల నుంచి బావమరిది వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిని అతను వాకిట్లో చేతులు కడుగుతున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. వాడలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వెనక గదిలో చప్పుడు.

గడప దాకా పోయాను. పెడళ్లు తిరుగుతున్నాయి. ఒకటి గట్టిగా దిగుతోంది, రెండోది తేలిగ్గా. దిగినప్పుడల్లా మనిషి బరువు పడ్డట్టు కిర్రుమంటోంది. మగ్గం మీద నూలు నాడె విసరడానికన్నట్టు నడుమ కాస్త ఆగుతోంది. మా నాయనకు ఎడమ కాలు సన్నబడి ఉండేది. ఆయన తొక్కుడు అచ్చం అట్లాగే ఉండేది. సుజాత ఎక్కితే పెడల్ కదలగానే తెర వెలిగేది. అప్పుడు మాత్రం వెలగలేదు.

బావమరిది వచ్చేసరికి ఆగిపోయింది.

"ఏమైంది బావా, ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. మీ అక్కకే ఇనవడ్తయి గివన్ని."

ఇన్నాళ్లూ నవ్విన మనిషిని. నోటికి అట్లాగే వచ్చింది.

సుజాత నా వెనకే నిలబడి ఉంది. ఆమె మిషన్‌ను చూడలేదు. నా మొహం చూసింది. సంచి తీసుకుని తమ్ముడి వెంట వెళ్లింది. కొండగట్టు నుంచి అటే కోరుట్లకు, పుట్టింటికి పోయింది. ఇంటికి రాలేదు.

మిషన్‌ను ముందు వసారాలోకి మార్పించాను. అక్కడ అది ఎప్పుడూ దానంతటది కదలలేదు. కానీ కరెంటు పోతే చాలు, ఏమీ లేని ఆ వెనక గదిలో, బండల కింది నుంచి అదే తొక్కుడు.

కోరుట్లకు పోయి అందరి ముందూ చెప్పాను. "సుజాతకు ఏం కాలేదు. గా దినం నేను గూడ సూసిన. లేదని అబద్ధమాడిన."

"గా మాట గప్పుడే అంటే అయిపోతుండె గదా బావా," అన్నాడు బావమరిది.

"మిషన్ ఇంక గాడనే ఉన్నదా?" అంది సుజాత.

"లేదు. వసారలకు మార్పిచ్చిన."

"మరి సప్పుడు బందైందా?"

"కాలే."

ఆమె లేచి చీరలు మడతపెట్టుకుంది.

ఇప్పుడు పొద్దున్నే వసారాలో తొక్కుతుంది. ఆ వెనక గదిలో ఉన్నది ఏమిటో నాకు తెలియదు. మా నాయనేనని కూడా చెప్పలేను. కరెంటు పోయి వాడ చప్పబడినప్పుడు సుజాత నన్నేమీ అడగదు.

"ఇనవడ్తున్నది," అని నేనే ముందు అంటాను.