స్టార్ట్ చెయ్యకూడని బండి

సికింద్రాబాద్‌లో పాత మోటార్‌సైకిళ్లను ఇళ్ల దగ్గర నుంచి ఎత్తుకెళ్లి కార్ఖానా ఏరియాలోని సెకండ్ హ్యాండ్ షాపులకు చేర్చడం నా పని. నాకో పికప్ వ్యాన్ ఉంది. ఒక చెక్క పలక, నాలుగు తాళ్లు ఉన్నాయి. పలక మీదుగా బండిని పైకి తోసి, ముందు చక్రాన్ని క్యాబిన్‌కు ఆనించి, హ్యాండిల్‌ను రెండు వైపులా కిందికి లాగి కట్టాలి. రంగు గీసుకుపోకుండా తాడు కింద పాత గుడ్డ పెట్టాలి. ఇంతే విద్య. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటిని ఇంతవరకు ఏ షాపు ఓనరూ తట్టుకోలేదు కాబట్టి సొంతంగా బండి పెట్టుకున్నాను.

నడిచే బండిని నడుపుకుంటూ పోవచ్చు కదా, పికప్ ఎందుకని అడుగుతారు. చాలావాటికి అక్కర్లేదు. చావు జరిగిన ఇంటి బండికి మాత్రం కావాలి. పోయినవాడి బండిని ఆ ఇంటి ముందు స్టార్ట్ చెయ్యకూడదన్నది మా లైన్లో పద్ధతి. ఎవరూ రాసిపెట్టలేదు. ఆ చప్పుడు వినగానే లోపలున్నవాళ్లు వాడే వచ్చాడనుకుని బయటికి పరుగెత్తుకొస్తారు. అలా వచ్చినవాళ్ల మొహం ఒకసారి చూసినవాడు మళ్లీ ఆ పని చెయ్యడు. అందుకే న్యూట్రల్‌లో పెట్టి, చప్పుడు లేకుండా తోసి ఎక్కించుకుపోతాం.

చిలకలగూడలో ఒక ఇంటికి అలాగే వెళ్లాను. ఆదివారం పొద్దున రమ్మని ఇంటాయనే టైం పెట్టాడు. భార్య చర్చికి వెళ్తుంది, ఆమె తిరిగొచ్చేలోగా పని అయిపోవాలి అన్నాడు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంట్. పోయింది ఒక్కగానొక్క కొడుకు, ఆ ఏడాది వర్షాకాలంలోనే. ఆ సంగతి ఆయన నాకు చెప్పిన తీరు మాత్రం మరిచిపోలేను.

"యాక్సిడెంట్ బండి కాదు బాబూ. వాడు జ్వరంతో పోయాడు. బండికి ఒక్క గీత కూడా లేదు, చూసుకో."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఇలాంటి ఇళ్లలో పోయినవాడంత మంచివాడు లోకంలో లేడని చెప్పుకుంటారు. నేను తాళ్లు విప్పుకుంటూ తల ఊపుతాను. అదీ నా పనిలో భాగమే. ఈయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. తిరుగుళ్లు తప్ప వాడి వల్ల ఏమీ కాలేదన్నాడు. కవరు తీసి సైలెన్సర్ చూపించాడు.

"వాడు పెట్టించింది వీధంతా అదిరిపోయే రకం. వాళ్లమ్మకీ వాడికీ రోజూ దాని మీదే గొడవ. దాంతో రేటు రాదని షాపువాడన్నాడు. మొన్న ఆవిడ ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు మెకానిక్‌ను పిలిచి కంపెనీది వేయించాను. వాడిది సీతాఫల్‌మండిలో తుక్కు కింద ఇచ్చేశాను."

"అమ్మకు ఎర్కనా సార్?"

"ఆవిడకెందుకయ్యా ఇవన్నీ?"

నాకెందుకని నేనూ ఊరుకున్నాను. పలక వేసి నేను హ్యాండిల్ పట్టుకుంటే ఆయన వెనక నుంచి తోశాడు. కొడుకు బండిని తోస్తున్నంతసేపూ చొక్కాకు మట్టి అంటకుండా చూసుకున్నాడు. బండి పైకెక్కింది. నేను రెండో తాడు బిగిస్తుండగా ఆమె వచ్చేసింది. తెల్లచీర, గుండెకు ఆనించి పట్టుకున్న బైబిల్. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. బండిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"అమ్ముతానన్నారు. ఇవాళేనని నాకు చెప్పకుండానా?"

"చెబితే ఏడుస్తావని."

ఆమె ఆయన్ని దాటుకుని వచ్చింది. పికప్ వెనక తలుపు పట్టుకుని నా వైపు తల ఎత్తింది.

"బాబూ, ఒక్కసారి స్టార్ట్ చేస్తావా? వాడు సందు మొదట్లో ఉండగానే ఆ చప్పుడు వినబడేది. తలనొప్పని కిటికీ మూసేసేదాన్ని. హాస్పిటల్లో చేరే ముందు రోజు కూడా దానికోసమే తిట్టాను. ఒక్కసారి వింటాను. తర్వాత తీసుకుపో."

ఆమె అడుగుతున్న చప్పుడు తుక్కు కొట్లో పడుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు, అడిగిన ఆమెకు తెలియదు.

"వద్దమ్మా. గిట్లాంటి ఇంటి ముంగట స్టార్ట్ చెయ్యం, మాకు రివాజ్ లేదు. పెట్రోల్ సుత లేదు. జెర అర్థం చేస్కోరాదమ్మా."

"ఉందయ్యా పెట్రోలు" అన్నాడాయన. "కొట్టు ఒక కిక్కు. ఆ ముచ్చటా తీరిపోతుంది."

ఆ పెద్దమనిషి గొంతుకు చేతిలో ఉన్న తాడు వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. తాళ్లతో కట్టేసిన బండి మీద, పికప్ పైనే, కూర్చుని కిక్కు కొట్టాను. రెండోసారికే అందుకుంది. కుట్టుమిషన్ అంత చప్పుడు కూడా లేదు.

ఆమె కళ్లు మూసుకుని వింది. ఇది కాదని ఎప్పుడంటుందా అని నేను ఆమె మొహమే చూస్తున్నాను. కాసేపటికి కళ్లు తెరిచింది. నవ్వింది. అంత నవ్వు ఆ మొహంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకర్థం కాలేదు.

"మార్పించేశాడు" అంది. "నాకు చెప్పనే లేదు చూడు. తిట్టానని అలిగాడనుకున్నాను. నా మాట విన్నాడు బాబూ."

ఇక చాలు అనుకున్నాను. ఇక్కడితో ఎవరూ నోరు మెదపకపోతే ఆమె ఎలాగో బతికేస్తుంది. వాగుడుకాయనని పేరున్న నేనే నోరు మూసుకున్నాను. ఆయన వైపు చూసి, వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన చూశాడు. చూడలేదంటే నేనొప్పుకోను.

"వాడేనాడు విన్నాడు నీ మాట? నేనే మొన్న మార్పించాను. వాడిది తుక్కులో వేశాను."

బండి ఇంకా ఆడుతూనే ఉంది. తాళం తిప్పి ఆపేశాను.

ఆమె ఏడవలేదు. "ఎక్కడ?" అని మాత్రం అడిగింది. సీతాఫల్‌మండిలో అన్నాడు. ఆమె బైబిల్ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నేను కిందికి దూకాను. "ఏం మనిషివి సార్ నువ్వు? నోరు మూస్కుంటే నీదేం బోయింది?"

ఆయనకు నా కోపం నిజంగానే అర్థం కాలేదు. "దేవుడి మందిరం నుంచి వచ్చిన మనిషితో అబద్ధం ఆడమంటావా?" అన్నాడు. భార్య ప్రార్థనలో ఉండే వేళ చూసి కొడుకు బండిని సాగనంపేవాడికి అబద్ధమంటే అంత భయం. పుండు మీద కారం చల్లేవాళ్లను చాలామందిని చూశాను. చల్లి, తన చేతులు శుభ్రంగా ఉన్నాయని చూపించినవాణ్ణి ఈయన్నే చూశాను. ఆయన గేటు దగ్గర నిలబడి ఆమెను కేకేశాడు.

"ఈపాటికి ఆ తుక్కువాడు దాన్ని చితక్కొట్టేసుంటాడు. లోపలికి రా, అన్నం చల్లారిపోతోంది."

ఆమె వెనక్కి తిరగలేదు. ఆ సందుకు బయటికి పోయే దారి ఒక్కటే. నేనూ అటే పోవాలి. ఫస్ట్ గేర్‌లో ఆమె వెనకే పోనిచ్చాను. ఆమె రోడ్డు మధ్యలో నడుస్తోంది. గుమ్మాల్లో ఉన్నవాళ్లు ఆమెను చూశారు, తర్వాత నా వెనక కట్టేసి ఉన్న బండిని చూశారు. దాన్ని అందరూ గుర్తుపట్టారు. ఆమె పక్కకు జరగలేదు. సందు చివరిదాకా నేను హారన్ కొట్టలేదు.