గొంగడి కింద పదకొండు పిల్లలు

నిరుడు సుబేదారిలోని మా ఆఫీసు వాళ్ళకు గోదావరి ఒడ్డున రెండు రోజులు గడపాలని సరదా పుట్టింది. గదులు వద్దట, కట్టెల పొయ్యి మీద వంట, ఇసుకలో పడక. ఎక్కడ దిగితే బాగుంటుందో కనుక్కునే పని నా నెత్తిన పడింది. రఘునాథపల్లిలో మా ఇంటి వెనక ఉండే మొగిలమ్మ పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా ఎండాకాలమంతా ఆ ఒడ్డునే ఉంటుంది. సరదాకు కాదు, గొర్రెల కోసం. అడిగితే ఆమె ఒకటే మాట అంది.

“ఒడ్డు మీద యాడనన్న పండుండ్రి బిడ్డా. నీళ్ళ నడుమ దిబ్బ మీద మాత్రం పండకుండ్రి.”

ఎందుకో చెప్పడానికి ఆమెకు ఒక పూట పట్టింది. నడుమ రెండుసార్లు లేచి లోపలికి వెళ్ళి వచ్చింది.

శివరాత్రి దాటగానే ఆమె, పెనిమిటి వెంకట్రాజం నూట ఇరవై గొర్రెలతో నడక మొదలుపెడతారు. వాళ్ళ సామానంతా రెండు గొంగళ్ళు, ఒక సత్తు గిన్నె, ఒక గంప. మూడు రాళ్ళు పెడితే పొయ్యి, ఇసుకలో చెలిమె తోడితే తాగునీళ్ళు. ఒడ్డున పడుకుంటే కుక్కలు గొర్రెపిల్లలను ఎత్తుకుపోతాయి, చేన్ల వాళ్ళు తగాదాకు వస్తారు. అందుకని ఒడ్డు పక్క పాయ దాటి, ఇసుక దిబ్బ మీద ఉంటారు. ఎండాకాలం ఆ పాయలో నీళ్ళు మోకాళ్ళ లోతుకు మించవు.

పొద్దున వెంకట్రాజం మందను ఒడ్డుకు తోలుకుపోతాడు. నడవలేని పిల్లలు దిబ్బ మీదే మొగిలమ్మ దగ్గర ఉంటాయి. సాయంత్రం మందను ఎవరూ అదిలించనక్కర్లేదు. పాలకోసం పిల్లలు అరుస్తాయి, ఆ అరుపు విని తల్లులు పాయలో దిగుతాయి, తల్లుల వెనకే మందంతా వస్తుంది. ఇంత సుళువైన పని మీ ఆఫీసులో ఉందా అని వెంకట్రాజం నన్ను ఎన్నిసార్లు వెక్కిరించాడో. ఆ సుళువే వాళ్ళ మెడకు చుట్టుకుంది.

మూడేళ్ళ కిందటి మాట. వానలు దగ్గరపడ్డాయి, ఇంటికి పోదామని మొగిలమ్మ పోరింది. గడ్డి ఇంకా ఉంది, నాలుగు రోజులు ఆగుదామన్నాడు ఆయన. ఆ సాయంత్రం ఆమె బియ్యం కడగడానికి చెలిమె దగ్గరకు పోతే, అడుగున ఊరే నీళ్ళు అంచుదాకా నిండి ఉన్నాయి. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. పాయ వంక చూసింది. నీళ్ళు ఎర్రగా, నురగతో వస్తున్నాయి. ఎగువన ఎక్కడో వాన పడిందని ఆమెకు అర్థమైంది.

రెండు పిల్లలను చంకల్లో పెట్టుకొని పాయలో దిగింది. నాలుగడుగులకే నడుములోతు నీళ్ళు కాళ్ళ కింది ఇసుకను లాగేశాయి. ఆ పిల్లలతో ఎట్లా వెనక్కి వచ్చి పడిందో ఆమెకే తెలియదు. అప్పుడే మంద అవతలి ఒడ్డుకు చేరింది.

పిల్లలు పాలకు అరిచాయి. ఒక తల్లి గొర్రె చెవులు నిక్కించి నీళ్ళలో దూకింది. దూకడమే కనిపించింది, మళ్ళీ తల తేలలేదు. దాని వెనక ఇంకొకటి దిగబోతే వెంకట్రాజం తొడలలోతుకు పోయి దాని వెనక కాలు పట్టుకొని గుంజాడు. ఆయనకు ఈత రాదు. పదకొండు పిల్లలు ఒక్కసారిగా అరుస్తున్నాయి, ఒడ్డున తల్లులు ఎగబడుతున్నాయి. మంద దిగితే ఆయన ఆగడు. ఆ సంగతి ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఒకరు చెప్పాలా?

“నువ్వు దిగకు, మందను చేన్ల దిక్కు తోలు” అని గొంతు చించుకొని అరిచింది. నీళ్ళ హోరులో ఆయనకు వినపడలేదు. పిల్లల అరుపు మాత్రం తల్లులకు వినపడుతూనే ఉంది.

మొగిలమ్మ పిల్లలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి రెండు గొంగళ్ళూ కప్పింది. అయినా వినపడుతోంది. గొంగళ్ళ మీద బోర్లా పడుకుంది. చేతులు లోపలికి దూర్చి, దొరికిన నోట్లో వేలు పెట్టింది. వేలు చప్పరించినంతసేపు ఒకటి ఊరుకునేది, ఇంకొకటి అరిచేది. ఇంకా గట్టిగా అదిమింది. నీళ్ళు పొయ్యి రాళ్ళను ముంచాయి, ఆమె పాదాలను తాకాయి. చావు భయం అప్పుడు లేదట. ఒడ్డు వైపు తల తిప్పితే ఆయన కనిపించకపోతే ఎట్లా అన్నదే భయం. అందుకే తల తిప్పలేదు.

అరుపులు తగ్గాయి. కాసేపటికి తల ఎత్తి చూస్తే వెంకట్రాజం కర్రతో మందను చేన్ల వైపు మళ్ళిస్తున్నాడు. పొద్దు గూకకముందే ఒడ్డు మీది ఊరి జాలరి యాకయ్య పడవ తెచ్చాడు. అప్పటికి దిబ్బ రెండు మంచాలంత మిగిలింది. గొంగళ్ళు ఎత్తితే ఏడు పిల్లలు లేచాయి. నాలుగు లేవలేదు.

ఏడింటినీ ఒడ్డున వదిలితే, వాటి తల్లులు వాసన పట్టి పొదుగులిచ్చాయి. పిల్ల దొరకని గొర్రెల్లో ఒకటి మొగిలమ్మ దగ్గరకు వచ్చింది. ఆమె వేళ్ళు వాసన చూసి అరిచింది. ఇంటికి నడిచిన ఆరు రోజులూ అది మందలో కలవలేదు, ఆమె వెనకే నడిచింది. ఆమె చేతులు కొంగులో చుట్టుకొని నడిచింది. సబ్బు పెట్టి కడిగినా, బూడిద పెట్టి తోమినా, అది ఆ చేతులనే వెతుక్కుంటూ వచ్చేది.

చివరి రోజు వెంకట్రాజం ఉండబట్టలేక అన్నాడట.

“నువ్వు వాటిని చంపలేదే. నన్ను బతికిచ్చినవ్.”

“గా మాట దానికి చెప్పు” అంది మొగిలమ్మ.