మార్తక్క దాటించిన నది

ఈ రోజు వంటింటికి సున్నం వేయించాను. పాపను నిద్రపుచ్చి దీపం దగ్గర కూర్చుంటే, ఆ తడి సున్నం వాసన నన్ను కడప నుంచి బేతంచెర్లకు తీసుకుపోయింది. అక్కడ రాళ్ళ గనుల తెల్లటి పొడి మా వాకిళ్ళ మీదా, చెట్ల మీదా, మనుషుల కనుబొమల మీదా ఉండేది. ఆ పొడిలోనే మార్తక్క కొరియా దేశాన్ని నిలబెట్టింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను అక్కడ కాలేజీలో చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. మార్తక్క మా పక్కింటావిడ, చర్చి బడిలో టీచరు. ఆమె భర్త దేవదానం, కొరియాలో యుద్ధం ఆగాక ఖైదీలకు కాపలా కాయడానికి వెళ్ళిన మన సైనికుల్లో ఒకడు. అక్కడ ఒక ఖైదీ, సూని అనే తన భార్య నదికి అవతలి ఒడ్డున చిక్కుబడిపోయిందని, వంతెన కూలిపోయిందని, ఆమె బ్రతికుందో లేదో తెలియదని దుబాసీ ద్వారా చెప్పుకున్నాడట.

"అంత దూరం పోయి సగం కతే తెచ్చినావా?" అని మార్తక్క ఎగతాళి చేసింది.

"నేను పోయింది కాపలాకే, కతలకు కాదు," అన్నాడు దేవదానం.

ఆ సగాన్ని ఆమె బుర్రకథగా కట్టింది. చివర సూని ఒడ్డునే నిలబడి, మొగుడి పేరు పిలుస్తూ మంచులో కలిసిపోతుంది. వంత పాడడానికి తన ఆడబిడ్డ రాహేలునూ నన్నూ తీసుకుంది. నలుగురిలో నాకు నోరు పెగలదని మొరపెట్టుకున్నాను.

"గుమ్మెట గట్టిగా కొట్టు పాపా, నీ గుండె సప్పుడు ఎవురికీ ఇనపడదు," అంది.

గనుల యజమాని ఓబుల్రెడ్డి ఏటా తన కూలీల కోసం కథ పెట్టించేవాడు. ఆ ఏడు మాకు చోటిచ్చాడు కానీ, మగవాళ్ళ బుర్రకథ దళాన్ని కూడా పిలిపించాడు. వాళ్ళు గజ్జెలు కట్టుకుని పక్కనే కూర్చున్నారు. "జనం లేసినారంటే మీరు దిగాల. ఆడోళ్ళ కత, అదీ యాడిదో దేశం కత, ఎవురింటారమ్మా?" అన్నాడు ఓబుల్రెడ్డి.

సాయంత్రం కథ మొదలైంది. వంతగా నా మొదటి మాట, "మంచు పడిందంటివి, మంచు అంటే ఏందక్కా?" అనడం. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. వెనక వరసలో ఇద్దరు లేచి తుండుగుడ్డలు దులుపుకున్నారు. మార్తక్క వంగి, దోసెడు రాతిపొడి తీసి నా నెత్తిన పోసింది. "ఇదే మంచు! ఇది చల్లగా ఉంటే ఎట్టుంటాదో సూడండి!" జనం గొల్లుమన్నారు. తుమ్ముతో పాటు నా గొంతూ తెరుచుకుంది.

కథలో సూని, నది ఒడ్డుకు వచ్చి నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. ముందు వరసలో రాళ్ళు మోసే నాగమ్మ దిగ్గున లేచింది. నా చేతులు ఆగిపోయాయి.

"ఆడ నిలబడి ఏడిస్తే ఏమొస్తాది? దాటమను దాన్ని!"

మార్తక్క తంబురా ఆపింది. తను కట్టుకున్న ముగింపును అక్కడే వదిలేసింది. "గడ్డకట్టిన నీళ్ళమ్మా, కాలు పెడితే ఇరుగుతాది. ఎట్ట దాటల్ల? నువ్వే చెప్పు."

"ఎద్దులబండి కట్టమను!" అన్నాడొకడు.

"థూ, బండి ఎక్కితే ఇరగదా? నీ తలకాయ!" అంది నాగమ్మ. "పొట్టమీద పాకమను. నడుముకు తాడు కట్టుకోమను."

"తాడు ఎవురు పట్టుకుంటారప్పా?" అన్నాడు ఇంకొకడు.

"మేం పట్టుకుంటాం!" అని వెనక నుంచి ఆడవాళ్ళు అరిచారు.

మార్తక్క వాళ్ళ మాటలనే అప్పటికప్పుడు పాటగా అల్లింది. సూని జానెడు పాకితే జనం "తందాన" అన్నారు. మంచు పగిలినప్పుడు ఓబుల్రెడ్డే కుర్చీలోంచి లేచి, "వదలొద్దండి తాడు!" అని కేక వేశాడు. అవతలి ఒడ్డున ఆమె మొగుడి చెయ్యి అందుకున్నప్పుడు లేచిన ఈలలకు నా గుమ్మెట నాకే వినబడలేదు. మగవాళ్ళ దళం నాయకుడు తన గజ్జెలు విప్పి పక్కన పెట్టాడు. "ఈ పొద్దు కత మీదేనక్కా," అన్నాడు.

ఇంటికి వస్తూ, కట్టుకున్న కథ పోయినందుకు బాధ లేదా అని అడిగాను.

"నాకు దాటించే దోవ తెలీలేదు. తెలిసినోళ్ళు ఎదురుగా కూసోనుంటే అడక్కుండా ఎట్ట?" అని నవ్వింది.

నాకు ఇప్పటికీ భయం ఎక్కువే. మొన్న ఆయన ఊళ్ళో లేనప్పుడు పాప ఒళ్ళు కాలిపోతుంటే, పేరైనా తెలియని ఎదురింటావిడ తలుపు తట్టి, "ఏం చేయాలో తెలియడం లేదమ్మా," అన్నాను. ఆవిడ కొంగు బిగించి నా వెంట వచ్చింది. తెల్లవారేసరికి జ్వరం విడిచి, పాప ఆకలితో వీధంతా వినబడేలా ఏడ్చింది. మేమిద్దరం నవ్వుతూనే ఉన్నాం.