అక్క కళ్లెదుటే తిరిగిన రక్తం

మా అక్క శామీర్‌పేటలో చేపలు కోసి అమ్ముతుంది. పోయినేడు ఆమె కుడి దవడ పన్ను ఒకటి చీము పట్టింది. తీసేసేసరికి కింద ఎముక చాలావరకు కరిగిపోయి ఉంది. కొత్త పన్ను బిగించాలంటే ముందు ఆ గుంటలో ఎముక పెరగాలి. మేడ్చల్‌లోని పళ్ల డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. అక్క చేతి నుంచే కొంత రక్తం తీసి, యంత్రంలో తిప్పి, దాంతో పల్చని పొర చేసి, గుంటలో నింపే ఎముక పొడిమీద కప్పి కుట్టేస్తుంది. "సాయం జేస్తది. గ్యారంటీ అయితే ఇయ్యలేను" అని కూడా అంది. ఆ రెండో మాటకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

అక్కకు కుదరలేదు.

"నా రక్తం పక్క గదిలకు తీస్కపోతరు. గాడ ఏం జేస్తరో ఎవలు జూసిన్రు? అమ్ముకుంటే?"

నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడినవాణ్ని. సొంత అక్క నోట ఈ మాటా! గాయమైతే రక్తం గడ్డకట్టి మాన్పే తీరునే ఇక్కడ వాడుకుంటారని, ఇందులో మాయ లేదని గంటసేపు దంచాను. ఆమె పొలుసు గీకుతూ అంతా వింది.

"అయిపోయిందా తమ్మీ? కండ్లతోటి జూడంది నమ్మొద్దని ఊరంత జెప్పేది నువ్వే గదరా! బాబాలకు ఒక కానూను, డాక్టర్లకు ఇంకో కానూనా?"

నమ్మమని బతిమాలింది నేను. రుజువు అడిగింది ఆమె. నేనేమో దాన్ని మూఢత్వమని తిట్టాను.

డాక్టరమ్మకు సంగతి చెబితే నవ్వేసింది. "రమ్మనుండ్రి, మిషన్ పక్కనే కూసోవెడ్త."

అక్క రెప్ప వాల్చకుండా కూర్చుంది. యంత్రం ఆగాక చూస్తే గొట్టం అడుగున ఎరుపు, పైన పల్చని నీరు, నడుమ పసుప్పచ్చని జున్నులాంటి ముద్ద. దాన్ని పలక కింద అదిమితే పొరగా మారింది.

"ముట్టి సూడొచ్చా?"

"వద్దమ్మా, నోట్లె వెట్టేది."

"అయితే గుంజి సూపియ్యి. పొర ఎంత గుంజితే తెగుతదో నాకెర్కే, దినాం చేపల కడుపులు కోస్త."

డాక్టరమ్మ రెండు పట్టకార్లతో మెల్లగా లాగింది. సాగింది కానీ తెగలేదు.

"మంచిగుంది, ఇగ వెట్టు" అని అక్క నోరు తెరిచింది.

నాలుగు నెలలకు ఎక్స్‌రే తీశారు. "గిది నాదేనా, ఇంకెవలదన్ననా?" అని అక్క అనుమానం. సిమెంటు నింపించుకున్న తన పక్క పన్నును బొమ్మలో వెతికి పట్టుకున్నాకే ఒప్పుకుంది. మునుపు నల్లగా ఉన్న గుంట ఇప్పుడు తెల్లబడింది. ఎముక!

ఇంకో వారానికి, కొత్త పన్నుకు ఆధారంగా ఉండే మరను అందులో బిగించారు. డాక్టరమ్మ చివరి తిప్పు తిప్పి, కదిపి చూసి, "గట్టిగ వట్టింది" అంది. నేను పట్టలేక చప్పట్లు కొట్టాను. బయట కూర్చున్నవాళ్లు తలుపు తీసి తొంగిచూశారు. నోటినిండా దూదితో ఉన్న అక్క, గమ్మున ఉండమని నా వైపు చెయ్యి విసిరింది.