రెండు తమ్మెల కేంద్రకం

1961 ఎండాకాలంలో కరీంనగర్ జిల్లాలోని ఒక సర్కారు దవాఖానలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. పెథాలజీ చదివానని రక్తపరీక్షల గది అప్పగించారు. మిగతా డాక్టర్లకది శిక్ష. నాకు సొంత రాజ్యం.

ఒకనాడు సిరిసిల్ల దిక్కు నుంచి రాజవ్వ అనే నేతింటి కోడలిని చేర్చారు. ఒళ్లో నెలల పసిపిల్ల. రాత్రయితే ఎడతెగని దగ్గు, ఆయాసం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. కఫంలో క్షయ క్రిములు దొరకలేదు. అయినా మా పెద్ద డాక్టరు గారు క్షయేనని తేల్చి, పిల్లను వేరుచేసి తల్లిని శానిటోరియానికి పంపమన్నారు.

రాజవ్వ అత్త తిన్నగా నా గదికొచ్చింది. "పాలు తాగే పొల్ల, డాక్టరమ్మా. తల్లిని పంపిస్తే అదెట్ల బతుకుతది? జర మంచిగ చూడుండ్రి" అంది.

రంగు వేసిన ఆమె రక్తపు స్లైడును మైక్రోస్కోపులో చూశాను. మా టెక్నీషియన్ లెక్కలో అన్నీ మామూలు తెల్లకణాలే. రంగును నమ్మితే నేనూ అదే అందును. నేను ముందు చూసేది కణం నడుమనుండే కేంద్రకాన్ని. చీము పట్టిన చోటికి వెళ్లే మామూలు తెల్లకణం రక్తనాళపు గోడ సందుల్లోంచి దూరాలి. అందుకు వీలుగా దాని కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా, అంటే గుండ్రటి ముక్కలుగా విడి, సన్నని పోగులతో కలిసి ఉంటుంది. రాజవ్వ రక్తంలో ఎక్కడ చూసినా రెండే తమ్మెలు, కళ్లజోడులాగా. అవి ఇయోసినోఫిల్ అనే మరో రకం తెల్లకణాలు. క్షయలో అవి అంతగా పెరగవు. అయితే వాటి లోపలి రేణువులు ఎర్రగా కనబడాలి. ఇక్కడ నీలి మసక!

తప్పు నీళ్లది. స్వేదనజలం అయిపోయిందని బావినీళ్లతో రంగు కలిపారు. ఆ చవుడు నీళ్లకు ఎరుపు పట్టదు. లారీ బ్యాటరీల్లో పోసే స్వేదనజలం ఒక సీసా తెప్పించి, కొత్త స్లైడు చేశాను. రేణువులన్నీ ఎర్రగా తేలాయి.

పెద్ద డాక్టరు గారు మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగారు. ఇది ఈ కణాలు మితిమీరి పెరిగే ఇయోసినోఫిలియా, బోదకాలుకిచ్చే మాత్రలే దీనికీ మందు అన్నాను. తగ్గకపోతే జవాబు మీరే చెప్పాలన్నారు. కేసు షీటు మీద నా పేరు రాసి సంతకం పెట్టాను.

వారం తిరిగేసరికి దగ్గు అణిగింది. మంచం మీద కూర్చుని పిల్లకు పాలిస్తున్న రాజవ్వను చూసి గర్వపడ్డాను, దాచడమెందుకు?

"గీ గోలీలకే తగ్గేదానికి గంత దూరం పంపుతమంటిరి!" అని అత్త పెద్ద డాక్టరు గారి ముందే అనేసింది. ఆయనకూ నవ్వొచ్చింది.

రంగు మనం పూసేది, నీళ్లను బట్టి మారుతుంది. ఆకారం కణం చేసే పనిని బట్టి వచ్చింది. రిటైరయ్యేదాకా నా గదిలో కేంద్రకం చూడకుండా కణం పేరు ఎవరినీ చెప్పనివ్వలేదు.