కుట్టు మెషిన్ చక్రం వెలిగించిన బల్బు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు ముడుచుకుంటే అందరికీ ఈ చాప చాలుతుంది.

నా చిన్నప్పుడు మేము ఉప్పళం అనే పేటలో ఉండేవాళ్ళం. మా గోడకు ఆనుకునే పక్కింటి అత్త కుట్టు మెషిన్. ఆమె తొక్కడం మొదలుపెడితే మా గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ ఏడు బడిలో ఎగ్జిబిషన్ పెట్టినారు. మోటారు బొమ్మలు మగపిల్లలకు, కుట్లూ అల్లికలూ ఆడపిల్లలకు అని సారు పంచేసినాడు. నేను లేచి, నేనూ మోటారే చేస్తానన్నా. "నీకు సూది చాలు, కూర్చో" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను కూర్చోలేదు. గంట కొట్టేదాకా అట్లే నిలబడినా.

ఇంటికొచ్చి, పాడైన టేప్ రికార్డరు విప్పి చిన్న మోటారు పీకినా. దానికి టార్చి సెల్లు తగిలించి అత్త మెషిన్ చక్రం తిప్పాలని నా పంతం. మోటారు మూలిగింది, వేడెక్కింది. అంత బరువు చక్రం కదిలితేనా! అత్త పంటితో దారం కొరుకుతూ నన్నే చూస్తా ఉంది.

అప్పుడామె మెషిన్ జోరుగా తొక్కి, నా అరచెయ్యి పట్టుకొని తిరిగే చక్రం మీద అదిమింది. కుట్టేవాళ్ళు చక్రాన్ని ఆపేది అట్లే. నాకు చెయ్యి చురుక్కుమంది.

"చూసినావా? ఆపిన ప్రతిసారీ నా చెయ్యి కాలుతుంది. ఈ జోరంతా యాడికి పోతా ఉందే? ఊరికే పోనిస్తామా?"

నాకు ఏదో తట్టింది. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రానికి ఆనే చిన్న రబ్బరు ఒకటుంటుంది. దాన్ని ఊడదీసి మోటారు కడ్డీకి తొడిగినా. సెల్లు తీసేసి, ఆ తీగలకు టార్చి బల్బు కట్టినా. అత్త జోరుగా తొక్కి కాలు తీసింది. నేను మోటారును చక్రానికి ఆనించినా. బల్బు వెలిగింది! చక్రం నెమ్మదించే కొద్దీ వెలుగూ సన్నగిల్లి, రెండూ కలిసే ఆగినాయి. బల్బు తీగ ఊడదీసి ఆనిస్తే మాత్రం చక్రం ఇంకా చానాసేపు తిరిగింది. దాని జోరును తాగి ఆపింది ఆ వెలుగే.

"సారు ఒప్పుకోడత్తా" అన్నా.

"కుట్టు పనే కదా తెమ్మన్నాడు? కుట్టు మెషినే తీసకపోదాం పా."

మెషిన్‌ను రిక్షాలో ఎక్కించి, పూలగుడ్డ కప్పి, అల్లికల బల్ల పక్కనే దింపించింది. సారు దగ్గరికొచ్చేసరికి ఆమె తొక్కింది, నేను ఆనించినా. బల్బు వెలగ్గానే మగపిల్లలు తమ బల్లలు వదిలేసి మా చుట్టూ మూగినారు.

"ఏందిది? తీసెయ్" అన్నాడు సారు.

"యాడికి తీసేది సార్? ఆడపిల్లల కుట్టు బల్ల ఇదే కదా" అంది అత్త, కాలు ఆపకుండా.

సాయంత్రం దాకా ఆ బల్బు అక్కడే వెలిగింది. బహుమతి రాలేదు. రాకపోతే పాయె.

ఆ తర్వాత మా ఇంట్లో నన్ను బడి మాన్పించినారు. నేను మిక్సీ మోటార్లు బాగుచేయడం నేర్చుకున్నా. మొన్న మనవరాలు కరెంటు స్కూటరు మీద గోరిమేడుకు తీసకపోతా, "బ్రేకు పడితే బ్యాటరీకి కొంచెం చార్జి ఎక్కుతుందవ్వా" అంది. నాకు తెలుసులేవే అన్నా.

నన్ను ఆపాలని ఎవరు చెయ్యి అడ్డం పెట్టినా, ఇప్పటికీ నా అరచెయ్యి చురుక్కుమంటుంది. వెంటనే వెతుక్కుంటా, బల్బు యాడుందా అని.

మీ ఇంటి ఆడబిడ్డలు ఏ బల్ల దగ్గర నిలబడితే ఆ బల్ల వెలగాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.